ఐదు గడుల మీటరు

ఆ శుక్రవారం పొద్దున రామబ్రహ్మం పెట్టుకున్న పని ఒక్కటే, ట్యాంకరు లారీకి గ్రీజు కొట్టించడం. సోమవారం టైర్లలో గాలి, శుక్రవారం గ్రీజు, పదిహేను రోజులకోసారి బ్రేకులు విప్పి చూడటం. ఇరవై ఏళ్లుగా అదే వరస. ఇంట్లో పండగలు అటూ ఇటూ అయ్యాయి గాని, లారీకి గ్రీజు తప్పిన శుక్రవారం లేదు.

"గ్యాసు కట్టావా?" అని అడిగాడు చెప్పులు వేసుకుంటూ.

"అన్నం ఉడుకుతోందండీ. కట్టేస్తే ఎలా?" అంది సుబ్బలక్ష్మి వంటింట్లోంచి.

"ఉడికాక కట్టు. మర్చిపోకు."

"ముప్ఫై ఏళ్ల నుంచీ చెబుతున్నారు. ఒక్కరోజన్నా మర్చిపోయానా?"

"అందుకే భయం. ఇవాళ మర్చిపోతావేమోనని."

రామబ్రహ్మం భయస్తుడు. ఆ మాట ఆయన మొహం మీదే అంటారు, ఆయన కూడా కాదనడు. మేనేజరు పిలిస్తే భయం, పిలవకపోతే మరీ భయం. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఏ ఇంటి ముందు కొత్త మనిషి నిలబడినా తన కోసమే వచ్చాడనుకుంటాడు. ఇంత భయం వల్ల లోకంలో బాగుపడింది ఒక్క ఆ లారీయే. ఆయన పనిచేసే కాంట్రాక్టు కంపెనీ దాన్ని డెబ్భై తొమ్మిదిలో కొన్నప్పటి నుంచీ దాని బాగోగులు చూడటమే ఆయన ఉద్యోగం. ఆనకట్ట పనుల్లో రాళ్లు మోసింది, కాలవ పనుల్లో మట్టి మోసింది, ఇప్పుడు వీపు మీద ట్యాంకు ఎక్కించుకుని, మాదాపూర్ రాళ్లగుట్టల్లో లేస్తున్న అద్దాల మేడలకు నీళ్లు మోస్తోంది. ఎక్కడ చిన్న చప్పుడు వినపడినా రామబ్రహ్మం గుండె ఝల్లుమనేది. వెంటనే విప్పించి చూసేవాడు. డ్రైవరు నర్సింహకు వినపడని చప్పుళ్లు కూడా ఆయనకు వినపడేవి.

"సార్‌కు చెవులు కావు, డాక్టరు గొట్టాలున్నయ్," అంటాడు నర్సింహ. అతనిది గోపన్‌పల్లి. పదహారేళ్లుగా ఈ లారీ తప్ప ఇంకో బండి స్టీరింగు పట్టుకోలేదు.

ఆ పొద్దున కంపెనీ షెడ్డులో నర్సింహ లారీ కింద పడుకుని గ్రీజు గన్ను ఆడిస్తుంటే, రామబ్రహ్మం పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్క చోటూ వేలు పెట్టి చూపిస్తున్నాడు. అప్పుడు ఆఫీసు గదిలోంచి ఆదర్శ్ వచ్చాడు. ఇరవై ఆరేళ్లవాడు. మొన్న మొన్నటిదాకా ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి, ఈ కంపెనీ యజమాని పెద్దాయన పిలిస్తే ఇక్కడికి వాహనాల మేనేజరుగా చేరాడు. వస్తూ వస్తూ ఒక కంప్యూటరు తెచ్చుకున్నాడు. నిరుడు దాకా బల్ల మీద మంచినీళ్ల కుండ ఉండే చోట ఇప్పుడు ఆ కంప్యూటరు ఉంది.

"రామబ్రహ్మం గారూ, రేపు సింగపూర్ క్లయింట్స్ విజిట్‌కి వస్తున్నారు. మన వెహికల్స్ కండిషన్ చూస్తారట. పెద్దాయన కొత్త రూల్ పెట్టారు. ఐదు లక్షల కిలోమీటర్లు దాటిన బండి ఏదైనా సరే స్క్రాప్‌కి పంపేస్తాం. మీ ట్యాంకర్ రీడింగ్ ఎంత?"

రామబ్రహ్మం చేతికింద ఉన్నది ఈ ఒక్క బండే. అది తుక్కుకి పోతే యాభై ఆరేళ్ల మనిషిని ఇంకే బండి మీద పెడతారు? నర్సింహను ఎక్కడ పెడతారు? ఆ లారీ ఎంత తిరిగిందో ఆయన ఎప్పుడూ లెక్క కట్టలేదు. లెక్క కట్టడానికే భయం. కాని ఐదు లక్షలు దాటి ఏళ్లయిందని మాత్రం తెలుసు.

"మీటరులో..." అని ఒకసారి లారీ వైపు చూశాడు. "మీటరులో నలభై ఎనిమిది వేల ఆరువందల పదమూడు ఉందండి."

అది అబద్ధం కాదు. మీటరులో అంతే ఉంది. పంతొమ్మిది వందల ఎనభైలో మీటరు కేబుల్ తెగింది. అప్పటి నుంచీ ఆ అంకె కదల్లేదు. ట్రిప్పుకొక గీత చొప్పున నర్సింహ కేబిన్ వెనక చెక్క మీద సుద్దతో గీస్తాడు, సాయంత్రం రామబ్రహ్మం ఆ గీతలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుని గుడ్డతో తుడిచేస్తాడు. దాంతో మీటరు అవసరం ఎవరికీ పడలేదు.

"ఓన్లీ ఫార్టీ ఎయిట్ థౌజండా! సూపర్," అని ఆదర్శ్ రాసుకుని వెళ్లిపోయాడు.

"బతికినం సార్," అన్నాడు నర్సింహ లారీ కిందనుంచి.

బతికామని అనుకోవడం కూడా రామబ్రహ్మానికి భయమే.

ఆ భయం గంట తిరక్కుండానే నిజమైంది. ఆదర్శ్ గదిలోకి రమ్మని కబురు వచ్చింది. వెళ్లేసరికి అతని చేతిలో మూరెడు పొడుగు కాగితం ఉంది. రామబ్రహ్మం రాసుకున్న ఇరవై పుస్తకాలనూ కిందటి వారమే ఆఫీసువాళ్లు తీసుకెళ్లి, మార్చిన సామాన్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. ట్రిప్పులు మాత్రం ఎక్కించలేదు, అందులో ట్రిప్పులకు గడి లేదట.

"కూర్చోండి," అన్నాడు ఆదర్శ్. అతని గొంతు మారింది. "ఇరవై ఏళ్లలో ఈ బండికి మార్చిన టైర్లు అరవై ఎనిమిది. ఇంజన్ ఆయిల్ రెండువందల పద్నాలుగు సార్లు. క్లచ్ ప్లేట్లు పదకొండు. ఇంజన్ మూడుసార్లు విప్పి బాగుచేయించారు. అవునా?"

"అవునండి. అన్నీ తారీకులతో సహా రాశానండి."

"బండి తిరిగింది నలభై ఎనిమిది వేలు. అంటే ఏడువందల కిలోమీటర్లకో టైర్ మార్చారు. రెండువందల ముప్ఫై కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చారు. ఇక్కణ్ణుంచి విజయవాడ వెళ్లేలోపు ఆయిల్ మార్చారన్నమాట. రామబ్రహ్మం గారూ, ఆ టైర్లన్నీ ఎక్కడికి పోయాయి?"

రామబ్రహ్మానికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇరవై ఏళ్లలో ఒక్క బోల్టు కూడా ఇంటికి పట్టుకెళ్లని మనిషి. పాత గ్రీజు డబ్బాలో సుబ్బలక్ష్మి తులసి మొక్క వేసుకుంటానంటే, అది కంపెనీ డబ్బా అని వెనక్కి తెచ్చి ఇచ్చాడు. అలాంటివాడు ఇప్పుడు అరవై ఎనిమిది టైర్లు అమ్ముకున్న దొంగ అయ్యాడు.

"అది... అదేంటంటేనండి..." నిజం చెబితే లారీ తుక్కుకి పోతుంది. చెప్పకపోతే తను జైలుకి పోతాడు. రెండింటిలో దేనికి ఎక్కువ భయపడాలో ఆయనకు అర్థం కాలేదు.

"నాకు కంప్లయింట్ ఇవ్వడం ఇష్టం లేదు," అన్నాడు ఆదర్శ్. "సాయంత్రం నాలుగింటికి నేనే వచ్చి బండి చూస్తాను, మీటర్ కూడా చూస్తాను. ఈలోగా ఏం చెబుతారో ఆలోచించుకోండి."

రామబ్రహ్మం బయటికొచ్చాడు. ట్యాంకరు నీడలో కూలబడి, జరిగింది నర్సింహకు చెప్పాడు. చెప్పేటప్పుడు పోలీసు అన్న మాట దగ్గర రెండుసార్లు ఆగాడు.

"గింత పరేషాన్ ఎందుకు సార్? మీటర్ల అంకె పెంచుదాం," అన్నాడు నర్సింహ. "కూకట్‌పల్లిల మన మొగిలి లేడా? మీటర్లు బాగుచేస్తడు."

తప్పు అనిపించింది. కాని భయం ముందు ఆ తప్పు చిన్నదిగా కనపడింది. రామబ్రహ్మం వేళ్ల మీద లెక్కవేశాడు. అరవై ఎనిమిది టైర్లకు సరిపోవాలి, ఐదు లక్షలు మాత్రం దాటకూడదు. నాలుగు లక్షల తొంభై వేలు. అది చాలా మంచి అంకె అనిపించింది. అటు జైలూ లేదు, ఇటు తుక్కూ లేదు.

అప్పటికే గోపన్‌పల్లి బోరు దగ్గర నింపుకొచ్చిన నీళ్లతోనే లారీ కూకట్‌పల్లి బయలుదేరింది. మొగిలి దుకాణం చిల్లులు పడ్డ రేకుల పాక. ముప్ఫై ఏళ్లుగా అందులో కూర్చుని, అతను ఊళ్లో ఉన్న మీటర్లన్నిటికీ వైద్యం చేస్తున్నాడు.

"ఎంత తగ్గియ్యాలె సారు?" అన్నాడు, చూపు కూడా ఎత్తకుండా.

"తగ్గించడం కాదు. పెంచాలి."

మొగిలి చేతిలో పనిముట్టు ఆగింది. రామబ్రహ్మాన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "ముప్ఫై ఏండ్లసంది ఈ పని చేస్తున్న. పెంచుమన్నోళ్లు మీరొక్కరే. బండి మీదేనా?"

"కంపెనీది. నాలుగు లక్షల తొంభై వేలు పెట్టాలి."

మొగిలి కేబిన్ ఎక్కి మీటరు విప్పుకుని కిందికొచ్చాడు. దాన్ని రామబ్రహ్మం ముక్కు దగ్గర పెట్టాడు. "లెక్కపెట్టుండ్రి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదే గడులు. తొంభై తొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది దాటితే మల్ల సున్న. లక్ష అనేదే దీనికి తెల్వది. నాలుగు లక్షలు ఏడికెల్లి తేవాలె?"

ఇరవై ఏళ్లుగా రోజూ చూస్తున్న మీటరు. ఆయిలు చుక్క కారితే పసిగట్టే మనిషికి, కళ్లెదురుగా ఉన్న గడులు ఐదని ఏనాడూ తోచలేదు.

"గట్ల మొహం పెట్టకుండ్రి," అన్నాడు మొగిలి జాలిపడి. "తొంభై వేలు పెడ్త. నాలుగుసార్లు చుట్టు తిరిగొచ్చిందని చెప్పుండ్రి. అంటే నాలుగు లక్షల తొంభై వేలే కద? కొత్త కేబుల్ గూడ ఏస్త. మీటరు నడుస్తుంటే ఎవ్వనికి అనుమానం రాదు."

ఆ మాటతో రామబ్రహ్మానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇల్లు రెండు వీధుల అవతలే. ఎందుకైనా మంచిదని ఒకసారి సుబ్బలక్ష్మికి చెప్పొద్దామని నడిచి వెళ్లాడు.

"సాయంత్రానికి నేను రాకపోతే, కంగారుపడకుండా మీ అన్నయ్యకు ఫోను చెయ్యి," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"ఎందుకు రారు? ఎక్కడికెళ్తున్నారు?"

"ఎక్కడికీ వెళ్లను. తీసుకెళ్తారేమోనని."

సుబ్బలక్ష్మి ముందు నవ్వింది. తరవాత ఆయన మొహం చూసి నవ్వు ఆపేసింది. ఆయన జరిగిందంతా చెప్పాడు. "టైర్ల సంగతి మీ పుస్తకాల్లో ఉంటుంది కదండీ. ఆ అబ్బాయికి చూపించి నిజం చెప్పేయొచ్చుగా?"

"నిజం చెబితే బండి పోతుందే!"

"బండి కోసం జైలుకెళ్తారా ఎవరైనా?" అంటూనే ఆమె ఆయన జేబులో బీపీ మాత్రలు పెట్టింది. ఆమెకూ భయం వేసిందని ఆయనకు అప్పుడు తెలిసింది. దాంతో ఆయన భయం రెట్టింపైంది.

తిరిగి మొగిలి దుకాణానికి వచ్చేసరికి వీధంతా బిందెలు. నాలుగు రోజులుగా ఆ వైపు మునిసిపాలిటీ నీళ్లు రావడం లేదు. ట్యాంకరు కనపడగానే ఆడవాళ్లు వరస కట్టేశారు. నర్సింహ ఎంత చెప్పినా వినలేదు, చివరికి అతనే కుళాయి పట్టుకుని నిలబడ్డాడు. వరసలో ముందున్న లక్ష్మమ్మ అనే ఆవిడ రామబ్రహ్మాన్ని చూసి, "మీరేనా సార్ పంపింది? మీ కడుపు సల్లగుండ," అంది. కంపెనీ నీళ్లు అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. టైర్ల పక్కన ఇప్పుడు నీళ్ల దొంగతనం కూడా చేరిందని మాత్రం మనసులో గుర్తుపెట్టుకున్నాడు. చివరి బిందె నిండేసరికి మూడున్నర.

మొగిలి గర్వంగా కేబిన్ తలుపు తెరిచాడు. "సూడుండ్రి సారు, దిల్ ఖుష్ అయితది."

మీటరులో 99,992 ఉంది.

"తొంభై వేలు కదయ్యా అన్నావు!"

"అందరు తగ్గియ్యమంటరు. పెంచుమన్న పెద్దమనిషి మీరొక్కరే దొరికిండ్రు. అందుకే ఫుల్లుగ పెంచిన. తొంభై తొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై పెట్టిన, బిందెలోళ్లు రాకముందే రెండు కిలోమీటర్లు తిప్పి సూసుకున్న. ఫస్ట్ క్లాస్ నడుస్తుంది."

రామబ్రహ్మం మనసులో లెక్క కట్టాడు. తను చెప్పబోయే కథ ప్రకారం ఈ బండి ఇప్పుడు నాలుగు లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై రెండు. ఇంకో ఎనిమిది కిలోమీటర్లు తిరిగితే ఐదు లక్షలు. షెడ్డుకు తొమ్మిది కిలోమీటర్లు. మళ్లీ విప్పి తగ్గించడానికి గంట పడుతుందన్నాడు మొగిలి. గంట లేదు.

"పోనియ్ నర్సింహా. దగ్గర దారిలో పోనియ్," అన్నాడు రామబ్రహ్మం ఎక్కి కూర్చుని.

ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆయన చెవులు ఇంజను చప్పుడు వినలేదు. కళ్లు మీటరు మీదే ఉన్నాయి. 99,994. చివరి అంకె చీమలాగా పైకి పాకుతోంది. 99,996. దారికి రెండుపక్కలా పెద్ద బండరాళ్లు, వాటిని పగలగొడుతున్న యంత్రాలు, దూరాన గుండ్రటి అద్దాల మేడ. అవేవీ ఆయనకు కనపడలేదు. 99,998.

"ఆపు ఆపు! కేబుల్ పీకెయ్."

నర్సింహ ఆపి, బోనెట్టు ఎత్తి, కాసేపు కుస్తీపట్టి దిగాలుగా వచ్చాడు. "మొగిలి మస్తు గట్టిగ బిగించిండు సార్. పానా జారుతుంది గని నట్టు కదులుతలేదు."

"ఇక్కడే వదిలేసి నడిచిపోదామా?"

"బండి ఏదని అడుగుతరు గద?"

అడుగుతారు. బండి కూడా అమ్ముకున్నాడంటారు. రామబ్రహ్మం మళ్లీ ఎక్కాడు. 99,999 పడింది. షెడ్డు ఇంకా రెండు కిలోమీటర్లు.

నర్సింహ కాసేపు స్టీరింగు మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. "సార్, ఎనక్కి నడిపితే మీటరు ఎనక్కి తిరుగుతది."

"నిజంగా?"

"నా మీద నమ్మకముంటే గట్టిగ పట్టుకోండ్రి."

నర్సింహ రోడ్డు మీదే లారీ ముఖం వచ్చిన వైపుకు తిప్పి, రివర్స్ గేరు వేశాడు. ట్యాంకరు తన వెనకభాగాన్ని ముందు పెట్టుకుని షెడ్డు వైపు బయలుదేరింది. రామబ్రహ్మం కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, "జరగండి! జరగండి బాబూ!" అని కేకలు పెడుతున్నాడు. అద్దాల మేడ ముందు మెడలో కార్డులు వేలాడేసుకుని టీ తాగుతున్న సాఫ్ట్‌వేరు కుర్రాళ్లు చూశారు. పెద్ద ట్యాంకరు వెనక్కి దూసుకొస్తోంది, ఎవరో ముసలాయన ఏడుపు మొహంతో అరుస్తున్నాడు. దానికి వాళ్లకు ఒక్కటే అర్థం తోచింది.

"బ్రేక్స్ ఫెయిల్! పరిగెత్తండి!"

టీ గ్లాసులు గాలిలోకి లేచాయి. ఆ కేక విని ఎదురుగా వస్తున్న ఆటోలు రోడ్డు దిగి గుంటల్లో దూరాయి. ఒక ఇస్త్రీ బండివాడు బొగ్గుల పెట్టె ఎత్తుకుని గోడ దూకాడు. లారీ కింద ఎవరైనా పడతారేమోనని రామబ్రహ్మం ప్రాణాలు కళ్లలోకొచ్చాయి. ఎవరూ పడలేదు. నర్సింహ మెల్లగానే నడుపుతున్నాడు గాని, ఆ సంగతి పరిగెత్తేవాళ్లకు తెలియదు.

అరకిలోమీటరు పోయాక ఒక కానిస్టేబులు విజిలు ఊదుతూ అడ్డం వచ్చాడు.

"ఏంది గిది? బండి సీదా నడుపుడు రాదా?"

"బ్రేకులు బాగానే ఉన్నాయండి," అన్నాడు రామబ్రహ్మం చేతులు జోడించి. "చాలా బాగున్నాయి. పదిహేను రోజులకోసారి విప్పి చూస్తామండి."

"మరి ఎనక్కెందుకు పోతున్నరు?"

కానిస్టేబులు ఇద్దరి మొహాలూ చూశాడు, తాగలేదని తేల్చుకున్నాడు. "ఈడ ట్రాఫిక్ జామయింది. బండి ముంగటికి ఎట్లున్నదో అట్లనే పో. కొత్తగూడ మీదికెల్లి తిరిగి రా. ఎనక్కి నడిపినవంటే బండి స్టేషనుకే."

చుట్టూ తిరిగితే నాలుగున్నర కిలోమీటర్లు. రామబ్రహ్మం కళ్లు మూసుకున్నాడు.

"తొమ్మిదులన్నీ లేస్తున్నయ్ సార్," అన్నాడు నర్సింహ కొంచెం దూరం పోయాక. తరవాత చాలా మెల్లగా, "అయిపాయె. అన్ని సున్నలే," అన్నాడు.

షెడ్డు గేటు దగ్గర ఆదర్శ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. లారీ ఆగీ ఆగకముందే మెట్టెక్కి కేబిన్‌లోకి తొంగిచూశాడు. మీటరులో 00003 ఉంది.

"పొద్దున నలభై ఎనిమిది వేలన్నారు," అన్నాడు ఆదర్శ్. "ఇప్పుడు మూడు కిలోమీటర్లు. మూడు కిలోమీటర్లకి అరవై ఎనిమిది టైర్లా?"

రామబ్రహ్మం కిందికి దిగాడు. మెట్టు మీదే కూర్చుండిపోయాడు. ఇక భయపడటానికి ఆయనలో చోటు మిగల్లేదు. దాంతో నిజమంతా ఒకేసారి బయటికొచ్చింది. తెగిన కేబుల్, సుద్ద గీతలు, మొగిలి, నాలుగు లక్షల తొంభై వేలు, లక్ష్మమ్మ బిందె, రివర్స్ గేరు, అన్నీ. "నన్ను పోలీసులకు ఇచ్చినా సరేనండి. ఐదు లక్షలు ఎప్పుడో దాటింది. కాని ఇంజను బాగుందండి. ఒక్కసారి విని చూడండి. దాన్ని తుక్కుకి పంపకండి," అన్నాడు. అంటుంటే కళ్లనీళ్లు తిరిగాయి.

ఆదర్శ్ మాత్రం ఇంకేదో ఆలోచిస్తున్నాడు. "ఐదే గడులా? లక్ష దాటితే మళ్లీ సున్నాయా?"

"అవునండి. మొగిలి చూపించేదాకా నాకూ తెలీదు."

ఆదర్శ్ గబగబా పక్క లారీ ఎక్కి చూశాడు. దిగి, ఇంకో లారీ ఎక్కాడు. పాత లారీలు పన్నెండూ చూసి వచ్చేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నింటికీ ఐదే," అన్నాడు నీరసంగా. "ఐదు లక్షలు దాటిన బండి నాకు ఎప్పటికీ దొరకదు. పొద్దున పెద్దాయనకి ఫ్యాక్స్ ఇచ్చాను. మన బళ్లలో లక్ష దాటింది ఒక్కటి కూడా లేదని. ఆయన వెంటనే సింగపూర్ వాళ్లకి చెప్పేశారు."

అతను అక్కడే, అదే మెట్టు మీద రామబ్రహ్మం పక్కన కూలబడ్డాడు. "రెండేళ్లు పాత ఆఫీసులో నేను చేసిన పని ఇదే సార్. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు సున్నా చూసి పంతొమ్మిది వందలనుకుంటాయని, రెండువందల మందిమి రోజూ భయపడుతూ కూర్చున్నాం. అలాంటిది ఈ సున్నా నాకెలా తట్టలేదు? రేపు నా ఉద్యోగం పోతుంది."

అతను తనను సార్ అన్నాడని రామబ్రహ్మం గమనించలేదు. అతని చేతులు వణకడం మాత్రం గమనించాడు. ఆ వణుకు ఆయనకు బాగా తెలిసిన వణుకు. జేబులోంచి బీపీ మాత్రలు తీయబోయి, కుర్రవాడని గుర్తొచ్చి, లారీలోంచి తన మజ్జిగ సీసా తీసి ఇచ్చాడు.

"భయపడకండి బాబూ," అన్నాడు. ఆ మాట తన నోటివెంట వచ్చినందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది. "ముందు ఇది తాగండి. పుస్తకాలున్నాయిగా. ట్రిప్పులన్నీ రాశాను. ఏ పనికి ఎంత దూరమో కూడా ఉంది."

ఆదర్శ్ ఇరవై పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాడు. ట్రిప్పులను దూరంతో హెచ్చవేసుకుంటూ పోయాడు. మధ్యమధ్య పేజీల దగ్గర ఆగిపోయి పైకి చదివాడు.

"'కుడివైపు వెనక చక్రం దగ్గర చప్పుడు. నర్సింహకు వినపడలేదు. భయం వేసింది. విప్పించాను. బేరింగు పగిలి ఉంది.'" ఇంకో పేజీ తిప్పాడు. "'ఆయిలు రంగు నచ్చలేదు. భయం వేసింది. మార్చాను.' ఇంకోటి, 'ఘాటు రోడ్డు దిగేటప్పుడు బ్రేకు కొంచెం మెత్తగా అనిపించింది. చాలా భయం వేసింది. లోడు దింపించి చక్రాలన్నీ విప్పించాను.' ప్రతి పేజీలో భయమేనా సార్?"

"నిజమే రాశానండి," అన్నాడు రామబ్రహ్మం సిగ్గుపడి.

మొత్తం తొమ్మిది లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తేలింది. ఆరు చక్రాల బండికి అరవై ఎనిమిది టైర్లంటే ఒక్కొక్క టైరూ ఎనభై వేలు నడిచింది. షెడ్డులో ఉన్న కొత్త టిప్పర్ల టైర్లు ముప్ఫై వేలకే అరిగిపోతున్నాయి. ఆదర్శ్ రెండుసార్లు లెక్క సరిచూసుకుని, పెద్దాయనకు ఫోను చేసి తన తప్పు తనే చెప్పాడు. అవతలనుంచి అరుపులు తలుపు బయటికి వినపడ్డాయి. రామబ్రహ్మం కూడా తప్పు తనదే అన్నట్టు తలొంచుకుని నిలబడి విన్నాడు.

మర్నాడు సింగపూర్ వాళ్లు వచ్చారు. మీటర్లు చూడలేదు. ఆదర్శ్ ఒక్కొక్క పేజీ ఇంగ్లీషులో చెబుతుంటే గంటసేపు పుస్తకాలు చూశారు. వాళ్లలో పెద్దవాడు, ఈ భయపడే మనిషి ఎవరు, ఒకసారి చూడాలన్నాడు. అప్పటికి రామబ్రహ్మం లారీ కింద ఉన్నాడు. నర్సింహ వంగి ఎంత పిలిచినా బయటికి రాలేదు. వాళ్లే వంగి, గ్రీజు అంటిన ఆయన చేతిని కిందనే పట్టుకుని ఊపి వెళ్లారు.

ఐదు లక్షల రూలు ఆ సాయంత్రమే రద్దయింది. పన్నెండు పాత లారీలనూ రామబ్రహ్మం చెవులకే అప్పగించారు. దాంతో ఆయనకు రాత్రిళ్లు నిద్ర పన్నెండో వంతుకు తగ్గింది. ఆదర్శ్ కంప్యూటరులో ట్రిప్పులకు ఒక గడి పెట్టాడు. దాని పక్కనే భయానికి ఇంకో గడి పెట్టాడు.

సోమవారం పొద్దున కంప్యూటరు కొత్త కాగితం ఇచ్చింది. మీటరు రీడింగు గడిలో శుక్రవారం నాటి అంకె అలాగే ఉండిపోయినట్టుంది. ట్యాంకరు ఎదురుగా ఇలా ఉంది: తిరిగినది మూడు కిలోమీటర్లు, బండి కొత్తది, వెయ్యి కిలోమీటర్లు నిండగానే మొదటి ఉచిత సర్వీసుకు పంపవలెను.

రామబ్రహ్మం భయపడి, ఆ సర్వీసు సంగతి పుస్తకంలో తేదీ వేసి రాసుకున్నాడు.